మిషను సంగతి తరవాత, ముందు మడత

బుజ్జీ,

గ్రీటింగ్ కార్డులు సొంతంగా చేయడం మొదలుపెట్టావని, ఆకారాలు కోసిపెట్టే డై కటింగ్ మిషను కొనాలా లేక ముందు పంచ్‌లూ స్టాంపులూ కొనుక్కోవాలా అని అడిగావు. ఇప్పుడే ఏవీ కొనవద్దని నా సలహా. డబ్బు దండగని కాదు తల్లీ. చేత్తో చేసిన కార్డుకు విలువ తెచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి, కాగితం మాట వినేలా చేసే పనితనం. రెండోది, అది అందుకోబోయే మనిషిని మనసులో పెట్టుకుని చేసిన ఆలోచన. ఈ రెండూ ఏ ఫ్యాన్సీ షాపులోనూ అమ్మరు. అమ్మేవి ముందే ఇంటికి చేరితే వాటిని వాడటమే పనైపోయి, ఈ రెండూ అలవడే అవకాశం తగ్గిపోతుంది. ఎందుకిలా అంటున్నానో, నీకు రాగల సందేహాలు కూడా కలుపుకుని, కాస్త వివరంగా రాస్తాను.

అచ్చు కార్డు ఎందుకు పుట్టిందో చూస్తే చేతి కార్డు దేనికోసమో తెలుస్తుంది. 1840లో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చి ఉత్తరాల ఖర్చు బాగా తగ్గింది. దాంతో ఊపిరి సలపనన్ని పనులున్న హెన్రీ కోల్ అనే ఆంగ్లేయుడి లాంటివారికి క్రిస్మస్ వచ్చిందంటే జవాబు రాయాల్సిన ఉత్తరాలు గుట్టపడేవి. 1843లో ఆయన జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి, సుమారు వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. తను వాడుకోగా మిగిలినవి ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మకానికి పెట్టారు. మొట్టమొదటి అచ్చు క్రిస్మస్ కార్డు ఇదేనంటారు. అంటే అది పుట్టిందే తీరిక లేక. మనకు తెలిసిన కొత్త సంవత్సరం కార్డులు, సంక్రాంతి కార్డులు ఆ దారిలోనే వచ్చాయి. ఇప్పుడు పండగ రోజు తెల్లవారకముందే ఫోనులో వచ్చిపడే బొమ్మలు అదే పనిని ఇంకా తొందరగా, పైసా ఖర్చు లేకుండా చేసిపెడుతున్నాయి. "వాట్సాప్ ఉండగా ఈ అవస్థ ఎందుకు" అని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు ఇందులోనే ఉంది. పదిమందికీ ఒకేసారి కబురు అందాలంటే ఫోనును మించింది లేదు, దానితో పోటీ పడనవసరమూ లేదు. చేత్తో చేసే కార్డు ఒక్క మనిషి కోసం. వేగంగా, ఎక్కువ, ఒకేలా చేయాలనుకున్న మరుక్షణం అది మళ్ళీ కోల్‌గారి కార్డే అవుతుంది, కాకపోతే ముద్రణ అంత బాగా ఉండదు.

అయితే "నా చేత్తో చేశాను కదా, వాళ్ళకు నచ్చి తీరుతుంది" అనే నమ్మకం కూడా మంచిది కాదు. మైఖేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మామూలు మనుషుల చేత కాగితపు కొంగలు, కప్పలు మడత పెట్టించారు. చేసినవాళ్ళు తమ బొమ్మకు సుమారు 23 సెంట్లు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. అవే బొమ్మలను బయటివాళ్ళకు చూపిస్తే 5 సెంట్లు దాటలేదు. నిపుణులు చేసిన బొమ్మలకు మాత్రం బయటివాళ్ళు 27 సెంట్ల దాకా వచ్చారు. దీన్ని నిరుత్సాహంగా తీసుకోకు. మన కష్టం మన కళ్ళకు కనిపించినంతగా ఎదుటివాళ్ళకు కనిపించదని, వాళ్ళకు కనిపించేది పని ఒక్కటేనని అది చెబుతోంది. అంచు వంకర పోయిన కార్డు మీద ఎన్ని ముత్యాలు అంటించినా చూపు ఆ వంకర మీదికే పోతుంది. నువ్వు అడిగిన పంచ్‌లైనా, స్టిక్కర్లు, మెరుపుపొడి అయినా చాలాసార్లు చేసేది ఆ వంకరను కప్పిపెట్టడమే. ఆ వంకర ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే కప్పాల్సిన పని ఉండదు.

ఆ కారణం చాలావరకు కాగితంలోనే ఉంటుంది. కాగజ్‌నగర్‌లో అయినా రాజమండ్రిలో అయినా మిల్లు కాగితం తయారయ్యేది ఒకే తీరులో: నీళ్ళలో కలిపిన గుజ్జు, పరిగెత్తే జల్లెడ మీద పడుతుంది. అప్పుడు పీచులో ఎక్కువ భాగం జల్లెడ వెళ్ళే దిక్కుకే తిరిగి పడుకుంటుంది. బట్టకు పడుగూ పేకా ఉన్నట్టే కాగితానికీ ఒక వాలు ఉంటుందని అనుకో. ఆ వాలు వెంట మడిస్తే గీత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పీచు విరిగి, మడత పొడవునా తెల్లటి పగుళ్ళు కనిపిస్తాయి, ముదురు రంగు షీటులో మరీను. వాలు తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. షీటును గీత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడు, ఎటు తేలిగ్గా వంగితే వాలు అటు. బజారులో దొరికే ఏ4 షీట్లలో ఎక్కువ వాటికి వాలు పొడుగు వెంట ఉంటుంది. అందుకే మొత్తం ఏ4ను సగానికి మడిచి పెద్ద కార్డు చేస్తే మడత వాలుకు అడ్డం పడుతుంది. అదే షీటును ముందు అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్ళీ సగానికి మడిస్తే మడత వాలు వెంటే వస్తుంది. 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు ఉన్న ముచ్చటైన కార్డులు రెండు వస్తాయి. పెద్ద కార్డే కావాలంటే ముందు గీత నొక్కకుండా మడవవద్దు.

గీత నొక్కడానికి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను చాలు. కార్డుకు పై భాగం అయ్యేవైపు స్టీల్ స్కేలు ఆనించి పెన్నుతో గట్టిగా ఒక గీత లాగు. ఇటు సన్నని గాడి పడుతుంది, అటువైపు చిన్న గట్టు లేస్తుంది. అందరూ గాడిలోకి మడుస్తారు. మడవాల్సింది గట్టువైపు, అంటే గట్టు కార్డు లోపలికి రావాలి. అప్పుడు బయటి పొర మీద లాగుడు తగ్గి చిట్లదు. 250 నుంచి 300 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఐవరీ షీటు మీద ఒకసారి అలాగా, ఒకసారి ఇలాగా మడిచి రెండూ పక్కపక్కన పెట్టి చూడు, తేడా నీకే తెలుస్తుంది. కోసేటప్పుడు కట్టర్‌తో ఒకేసారి బలంగా లాగవద్దు. తేలిగ్గా రెండు మూడు సార్లు లాగితే అంచు శుభ్రంగా తెగుతుంది, చెయ్యీ జారదు. నీకు కావలసిన ముక్క మీద స్కేలు ఉంచి కొయ్యి. బ్లేడు తప్పినా పోయేది పారేసే ముక్కే. ప్లాస్టిక్ స్కేలు వాడకు, బ్లేడు దాని అంచును చెక్కేస్తుంది. ఇక ఫెవికాల్. అందులో నీరుంది. తడి తగిలితే పీచు పొడవు కన్నా వెడల్పులో ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి కాగితం అలలు అలలుగా లేస్తుంది. వానాకాలంలో కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఈ బాధ ఇంకా ఎక్కువ. పలచగా, అంచుల వెంట మాత్రమే రాసి, రెండు కాగితాల వాలూ ఒకే దిక్కున ఉండేలా అంటించి, రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచు. తొందరైతే డబుల్ సైడ్ టేపు వాడుకో.

ఇంత చిన్న సామానుతో ఏం చేయగలమన్న అనుమానం నీకు రావచ్చు. మేరీ డెలానీ అనే ఇంగ్లీషు ఆవిడ 1700లో పుట్టింది. 72 ఏళ్ళ వయసులో రంగు కాగితాలు కత్తిరించి నల్లటి కాగితం మీద పువ్వులను అంటించడం మొదలుపెట్టింది. కళ్ళు సహకరించినంత కాలం, దాదాపు పదేళ్ళు ఆ పనే చేసి వెయ్యికి కొంచెం తక్కువగా పూలబొమ్మలు తయారుచేసింది. ఒక్కో పువ్వులో వందల ముక్కలుంటాయి, రేకు మీది నీడకు వేరే ముక్క, ఈనెకు వేరే ముక్క. అవి ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. "కాగితాలతో ఆటలు చిన్నపిల్లలకు కదా" అన్నవాళ్ళకు మరో పేరు చెప్పు. 1893లో మద్రాసులో టి. సుందరరావుగారు కాగితపు మడతలతో జ్యామితి నేర్పే పుస్తకం ఇంగ్లీషులో ప్రచురించారు. దానికి ప్రేరణ చిన్నపిల్లల కిండర్‌గార్టెన్‌లోని మడతల ఆటేనని ఆయనే రాసుకున్నారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాడు, 1901లో షికాగోలో దాన్ని మళ్ళీ అచ్చు వేశారు. చదరపు కాగితాల మడతలతోనే ఆయన పంచభుజి దాకా, ఆ పైకీ వెళ్ళారు. పిల్లల ఆటలోంచి పెద్దల శాస్త్రం వచ్చిందంటే ఆటను చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

నువ్వు కూడా ఇంట్లోనే ఒకటి ప్రయత్నించు. ఒక కాగితాన్ని సగానికి మడిచి, మడత అంచు నుంచి 3 సెంటీమీటర్లు లోపలికి రెండు గాట్లు పెట్టు, రెండింటి మధ్య 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. గాట్ల చివరలు కలిపే గీత నొక్కి, ఆ పట్టీని లోపలికి తోసి కార్డును సగం తెరిస్తే చిన్న మెట్టు లేచి నిలబడుతుంది. జిగురు చుక్క కూడా పట్టదు. దాని ముందు బొమ్మల కొలువులో పెట్టే రాజూరాణుల బొమ్మో, పూలకుండీయో అంటిస్తే తెరిచిన ప్రతిసారీ లేచి నిలబడుతుంది. జపాన్ వాస్తుశిల్పి మసాహిరో చతానీ 1980లలో ఇలాంటి గాట్లు, మడతలతోనే కాగితం మీద భవనాలు లేపాడు. ఈ ఒక్క మెట్టు లెక్క బాగా పట్టుబడితే, మెట్టు మీద మెట్టు ఎక్కడ పెట్టాలో, మూసినప్పుడు అంచు దాటి బయటికి రాకుండా ఎంత పొడవుండాలో నీకే తోస్తుంది. మిషను కోసిపెట్టిన సీతాకోకచిలుకను అంటిస్తే ఈ ఆలోచన నీకు రావాల్సిన అవసరమే రాదు. నా అభ్యంతరం అక్కడ. వేళ్ళు నొప్పెట్టేవాళ్ళకు, ఒకే ఆకారం వందసార్లు కోయాల్సినవాళ్ళకు మిషను చాలా అవసరం. నీకు అలాంటి అవసరం వచ్చినప్పుడు కొనుక్కో, ఏ ఆకారం కావాలో అప్పటికి నీకే తెలుస్తుంది.

ఇక రెండో సగం, మనిషి. కార్డు మొదలుపెట్టే ముందు అది ఎవరికో పేరు అనుకో. చూపు మందగించిన తాతగారికైతే సన్నటి అలంకారాలు వద్దు, ముదురు రంగు మీద తెల్లటి పెద్ద బొమ్మ, లోపల పెద్ద అక్షరాలు. అమెరికాలో చదువుకుంటున్న అక్కకైతే ఉగాదికి వేపపువ్వు, మామిడాకు. లోపలి పేజీ ఖాళీగా వదిలి కింద సంతకం మాత్రం పెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది, అంత పనీ చేసి అసలు మాట దగ్గర ఆగిపోతారు. "ఏం రాయాలో తోచదు, రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందేమో" అన్నది అందరి భయమూ. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో దీన్నే పరీక్షించారు. కృతజ్ఞతతో ఉత్తరం రాసినవాళ్ళను అది చదివినవాళ్ళకు ఎలా అనిపిస్తుందని ముందుగా అడిగి, తరవాత అందుకున్నవాళ్ళను ఎలా అనిపించిందని అడిగారు. రాసినవాళ్ళు అనుకున్నదానికన్నా అందుకున్నవాళ్ళు ఎక్కువ సంతోషించారు, ఎబ్బెట్టు అన్నది రాసినవాళ్ళు ఊహించినంత లేదు. రాసేవాళ్ళు తమ మాటల పొందిక గురించి మథనపడుతుంటే చదివేవాళ్ళు చూసింది ఆప్యాయతనే. కాబట్టి నాలుగు వాక్యాలు రాయి, అవి ఆ మనిషికి మాత్రమే చెల్లేవిగా ఉండాలి. ఇంకెవరికి పంపినా సరిపోయే వాక్యం ఉంటే కొట్టెయ్యి.

"పెద్దమ్మా, కాగితం వృథా కాదా" అంటావేమో. మన ఇళ్ళలో ప్రతి పెళ్ళిళ్ళ సీజనుకూ పోగయ్యే శుభలేఖలు చూడు. మంచి దళసరి అట్ట, బంగారు అంచు, నగిషీ కవర్లు. పారేయడానికి చేతులు రావు, దాచడానికి చోటు ఉండదు. దేవుడి బొమ్మ, పసుపు రాసిన మూల, వధూవరుల పేర్లు పక్కన పెట్టి మిగతా భాగమంతా వాడుకోవచ్చు. హాలండ్‌లో పుట్టిన ఐరిస్ ఫోల్డింగ్ పద్ధతి మొదలైందే కవర్ల లోపలి గళ్ళ కాగితాన్ని పట్టీలుగా మడిచి అతికించడంతో. శుభలేఖ కవర్లు దానికి భలే పనికొస్తాయి. అమ్మకం సంగతి కూడా ఎవరో ఒకరు నీ చెవిలో వేస్తారు. అమ్మడం తప్పు కాదు, కానీ పైన చెప్పిన 5 సెంట్ల లెక్క గుర్తుంచుకో. కొనేవాళ్ళు నీ గంటలకు డబ్బివ్వరు. గిట్టుబాటు కోసం ఒకేలాంటివి చకచకా చేయక తప్పదు. ఆ పనికి మొగ్గితే దాన్ని వ్యాపారంగా విడిగా నడుపు, నీవాళ్ళకు చేసే కార్డుల జోలికి ఆ లెక్క రానీయకు.

పోస్టులో పంపేటప్పుడు బరువు చూసుకో. మామూలు ఉత్తరానికి మొదటి బరువు మెట్టు 20 గ్రాములు. చదరపు మీటరులో 16 ఏ4 షీట్లు పడతాయి కాబట్టి 250 జీఎస్ఎమ్ ఏ4 షీటు 16 గ్రాములకు కాస్త తక్కువ. అందులో సగంతో చేసిన కార్డు 8 గ్రాముల లోపే. 100 జీఎస్ఎమ్ కాగితంతో కవరు చేస్తే మరో 6. పైన అంటించే వాటికి ఇంకో 6 గ్రాముల దాకా మిగులుతాయి. పూసలూ అద్దాలూ అంటిస్తే బరువు పెరగడమే కాదు, ముద్ర కొట్టేచోట చిట్లుతాయి కూడా, వాటిని చేతికిచ్చే కార్డులకు ఉంచు. ఈ సంక్రాంతికి మొదటి కార్డు మీ అమ్మమ్మకు చెయ్యి. డిసెంబరు ఆఖరుకి కోతలూ మడతలూ ముగించి, జనవరి మొదటి వారంలో పోస్టులో వెయ్యి. కవరు మీద పిన్‌కోడు మరిచిపోకు. లోపల రాసేది తెలుగులోనే రాయి, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తానే చదువుకోగలిగేంత పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
మీ పెద్దమ్మ