ఐకాన్ ఫెలోషిప్: హైదరాబాద్ లింకు

హైదరాబాద్ ఛత్రినాక గల్లీలో కరెంటు స్తంభానికి చుట్టిన ఫైబర్ తీగ ఇంట్లోకి నెట్ తెస్తుంది సరే, పేర్లూ నంబర్లూ పంచేదెవరు? డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసేది ఐకాన్ (1998, లాస్ ఏంజెలెస్). ఐపీ అడ్రసులు మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి ఆప్నిక్ (బ్రిస్బేన్) ఇస్తుంది. దేశంలో ఆ పని నిక్సీ అనే సంస్థ కింద ఉన్న ఐరిన్ చూస్తుంది. నిక్సీ పుట్టింది 2003లో.

ఐకాన్ ఫెలోషిప్ 2007లో మొదలైంది. ఎంపికైన వాళ్లకు విమానం టికెట్, బస, రోజువారీ ఖర్చు ఇచ్చి ఐకాన్ సదస్సుకు పిలుస్తారు. ఇది స్కాలర్‌షిప్ కాదు, డిగ్రీ రాదు. పరీక్షలో ఆప్షన్లు తికమక పెట్టేది ఇక్కడే. ఆప్నిక్ కూడా ఇలాంటి ఫెలోషిప్పే ఇస్తుంది.

ఆ సదస్సుల్లో అసలు గుర్తుంచుకోవాల్సింది ఐకాన్-57. ముందు ప్యూర్టోరికోలోని శాన్‌హువాన్‌లో అనుకున్నారు. జికా వైరస్ భయంతో హైదరాబాద్‌కు మార్చారు. 2016 నవంబరు 3-9 తేదీల్లో మాదాపూర్ హెచ్‌ఐసీసీలో జరిగింది. నెట్ పేర్లు, నంబర్ల మూల జాబితాలు చూసే అయానా బాధ్యతపై 2016 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ముగిశాక జరిగిన తొలి ఐకాన్ సదస్సు అదే. ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం వేరు, అది ఐక్యరాజ్యసమితిది. 2008 డిసెంబరులో అదీ హైదరాబాద్‌లోనే జరిగింది. రెండు తేదీలూ కలిపేసి మార్కు పోగొట్టుకోకండి.