వీడియో నొక్కే ముందు ఒక ప్రశ్న రాసుకోండి: చూసింది చేలో పనికొస్తుంది



పైన వీడియోలో ద్రవ జీవామృతం తయారీ మొదటి నుంచి చివరి దాకా ఉంది. దాన్ని నొక్కే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. ఎందుకంటే మనలో చాలామంది రోజూ వీడియోలు చూస్తున్నాం, వెబ్‌సైట్లు చదువుతున్నాం. తీరా డ్రమ్ము ముందు నిలబడ్డాక "బెల్లం ఎంత? రెండు కిలోలా, ఐదు కిలోలా?" అని మళ్లీ ఫోను తీస్తున్నాం. ఇందులో మన జ్ఞాపకశక్తిని తిట్టుకోవాల్సిన పని లేదు. ఏం కావాలో అనుకోకుండా చూడటంతోనే వస్తోంది ఇబ్బంది అంతా.

ఒకే వీడియో, ముగ్గురు రైతులు

ముగ్గురు రైతులు జీవామృతం వీడియో చూశారనుకుందాం.

మొదటాయనకి కొలతలు కావాలి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. చక్కగా రాసుకున్నాడు. కానీ నీడలో పెట్టాలనీ, రోజుకి రెండు పూటలా కర్రతో కుడివైపుకి తిప్పాలనీ, వారం లోపు వాడెయ్యాలనీ చెప్పిన మాటలు ఆయన చెవిన పడలేదు. మూడు వారాల నాటి డ్రమ్ము పొలానికి తోలి "ఫలితం లేదండీ" అంటాడు.

రెండో ఆయనకి డ్రిప్పు ఉంది. "ఇది పైపుల్లో పోతుందా?" అన్నదే ఆయన ప్రశ్న. గుడ్డలో వడకట్టాలన్న ఒక్క మాట దగ్గర ఆగాడు, ఇంకోసారి విన్నాడు. ఆయన లేటరల్ పైపులు పూడుకుపోలేదు.

మూడో ఆయన అన్నం తింటూ ఊరికే చూశాడు. "బాగా చెప్పారు" అనుకున్నాడు. మర్నాడు అడిగితే ఆవు, డ్రమ్ము, కర్ర గుర్తున్నాయి. కొలత ఒక్కటీ లేదు.

ముగ్గురూ విన్నది ఒకటే. ఎవరు ఏ అవసరంతో కూర్చున్నారో అదే వాళ్ల చేతికొచ్చింది.

దొంగ కళ్లు, కొనేవాడి కళ్లు

ఇది మన ఊహ కాదు. 1977లో అమెరికాలో పిచర్ట్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న కథ చదివించారు. ఇద్దరు కుర్రాళ్లు బడి ఎగ్గొట్టి ఒక ఇంటికి వెళ్తారు. ఆ ఇంట్లో ఏమేమి ఉన్నాయో కథలో ఉంటుంది. కొంతమందికి "మీరు దొంగ అనుకుని చదవండి" అన్నారు. మరికొంతమందికి "మీరు ఇల్లు కొనేవాళ్లు అనుకుని చదవండి" అన్నారు. దొంగ అనుకున్నవాళ్లకి పాత నాణేల లాంటి విలువైన వస్తువులు బాగా గుర్తున్నాయి. కొనేవాళ్లకి కారే ఇంటికప్పు లాంటివి గుర్తున్నాయి.

మరుసటి ఏడాది వాళ్లే ఇంకో సంగతి చూపించారు. ఒకసారి గుర్తున్నదంతా రాయించాక, "ఇప్పుడు రెండో వాళ్ల కళ్లతో ఆలోచించండి" అంటే, కథ మళ్లీ చదవకుండానే అంతకుముందు రాయని విషయాలు కొన్ని బయటికొచ్చాయి.

మనకి ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ప్రశ్న పెట్టుకుని చూస్తే ఆ ప్రశ్నకి జవాబు గట్టిగా నిలుస్తుంది. రెండు, ఆ ప్రశ్నకి బయట ఉన్నది జారిపోతుంది. కాబట్టి కళ్లు మార్చుకుని రెండోసారి చూడాలి.

ప్రశ్నే తప్పయితే?

అసలు నష్టం ఇక్కడే ఉంది. మిరప రైతు ఫోనులో "మిరప ముడతకి కషాయం" అని వెతుకుతాడు. జవాబులు కుప్పలుగా వస్తాయి. కానీ ముడతలు ఒక రకం కాదు.

- పై ముడత: ఆకు అంచులు పైకి ముడుచుకుని దొప్పలా అవుతాయి. ఇది తామర పురుగుల పని.
- కింద ముడత: ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటుంది, ఆకు కాడ సాగుతుంది. ఇది నల్లి పని.
- వైరస్ ముడత: ఆకులు చిన్నవై, మొక్క గిడసబారిపోతుంది. దీన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. సోకిన మొక్కని ఏ కషాయమూ బాగుచెయ్యదు. పీకి దూరంగా పారేసి, తెల్లదోమని అదుపు చేసుకోవాలి.

"ఏ కషాయం?" అని వెతికిన రైతుకి కషాయం పేరు దొరుకుతుంది. "నా చేలో ఉన్నది ఏ ముడత?" అని వెతికిన రైతు ముందు ఆకు తిప్పి చూస్తాడు.

2021-22లో నల్ల తామర పురుగు మన రెండు రాష్ట్రాల్లో మిరపని ఎలా దెబ్బతీసిందో మర్చిపోలేం. అది పూలలో చేరి పూత రాల్చేసింది. ముడత కోసం ఆకులే చూసుకుంటూ పోతే పూలలో ఉన్న పురుగు కనపడదు. అందుకే ఫోను తీసే ముందు చేనంతా ఒకసారి తిరగండి. ఆకు పైన, ఆకు కింద, పువ్వు లోపల చూడండి. ఆ తర్వాతే ప్రశ్న రాసుకోండి.

వీడియో ఆపి అడిగే మనిషి

డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఒక ప్రాజెక్టుగా మొదలైంది. ఊళ్లలో రైతులు చేసిన పనినే వీడియో తీసి, చుట్టుపక్కల రైతుల గుంపులకి చూపించేవారు. వేసి వదిలెయ్యడం కాదు. ఒక మనిషి మధ్యలో ఆపుతూ, అడుగుతూ, చర్చ పెట్టేవాడు. మనం ఒంటరిగా ఫోనులో చూసేటప్పుడు ఆ మనిషి ఉండడు. ఆ పని మనమే చేసుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకుని చూడాలి. పేడ కలిపేది ఆవిడైతే ఆవిడే అసలు ప్రశ్నలు అడుగుతుంది.

ఎలా చూడాలి?

చూసే ముందు: పుస్తకంలో ఒక్క ప్రశ్న రాయండి. "జీవామృతం గురించి తెలుసుకోవాలి" అని కాదు. "నా ఎకరం వంకాయకి, డ్రిప్పులో, వచ్చే సోమవారం ఇవ్వాలంటే ఎప్పుడు కలపాలి, ఎలా వడకట్టాలి?" అని రాయండి.

మొదటిసారి: జవాబు వచ్చిన చోట ఆపండి. కొలత, సమయం రెండూ రాయండి.

రెండోసారి: కళ్లు మార్చండి. ఈసారి వెతకాల్సింది "ఎప్పుడు పనిచెయ్యదు?" అన్నది. నేలలో తేమ లేకపోతే? డ్రమ్ము ఎండలో ఉంటే? వీడియోలో ఆయనది ఏ నేల, ఏ పంట, ఏ కాలం? మనది అదేనా?

చూశాక: ఫోను పక్కన పెట్టి, గుర్తున్నది ఇంట్లోవాళ్లకి చెప్పండి. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. కానీ వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. మనకి కావాల్సింది వారం తర్వాతే కదా!

చేలో: కొత్తది ఏదైనా ముందు కొన్ని సాళ్లకే వాడండి. పక్కన కొన్ని సాళ్లు వదిలెయ్యండి. అప్పుడు తేడా మన కంటికే కనపడుతుంది.

ఊరికే చూడటం తప్పా?

తప్పు కాదు. మనం అడగడం తెలియని సంగతులు అలా చూసినప్పుడే తగులుతాయి. నవధాన్యాల సాగు ఆలోచన చాలామందికి అలాగే వచ్చి ఉంటుంది. కానీ అలా చూసినదాన్ని "నేర్చుకున్నాను" అనుకుని మర్నాడే పిచికారీకి దిగకండి. నచ్చితే పేరు రాసిపెట్టుకోండి, అవసరం వచ్చినప్పుడు ప్రశ్నతో మళ్లీ రండి.

ఇప్పుడు వీడియో చూడండి

ముందు మీ ప్రశ్న రాసుకోండి. చూశాక వీడియో ముట్టుకోకుండా వీటికి జవాబు చెప్పండి:

1. గుప్పెడు మట్టి ఎక్కడ నుంచి తేవాలి, ఎందుకు?
2. ఎన్ని గంటలు పులియబెట్టాలి, ఎక్కడ పెట్టాలి?
3. కలిపాక ఎన్ని రోజుల్లో వాడెయ్యాలి?
4. మీ పొలానికి మార్చుకోవాల్సింది ఏమైనా ఉందా?

నాలుగో దానికి జవాబు వీడియోలో దొరకదు, మీ పొలంలోనే ఉంది. అది ఏమిటో కింద కామెంటులో రాయండి, తోటి రైతులకి పనికొస్తుంది.