ఒక్కసారికి ఒక్కటే మార్చండి

కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించారు. ర్యామ్ రెట్టింపు చేశారు. ఆట తెరిస్తే మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేముల) అంకె పాతదానికి రెండింతలు చూపిస్తోంది. అయినా మలుపు తిరిగిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదులుతోంది. పాత కంప్యూటర్‌కి లేని జబ్బు కొత్తదానికెలా వచ్చింది?

మనిషి స్వభావం బయటపడేది ఇక్కడే. ఒకరు షాపుకి ఫోన్ చేసి అరుస్తారు. ఇంకొకరు రాత్రికి రాత్రి విండోస్ చెరిపేసి మళ్లీ ఎక్కిస్తారు. మరొకరు యూట్యూబ్‌లో కనిపించిన సెట్టింగులన్నీ ఒకే ఊపులో మార్చేస్తారు. బాగైతే దేనివల్ల బాగైందో, చెడితే దేనివల్ల చెడిందో ఆయనకే తెలియదు. నాలుగో రకం మనిషి అరుదు. ఆయన కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటాడు. ఈ నాలుగో రకం మనిషిగా మారడం నేర్చుకోదగిన విద్య. అది నేర్పడానికి ఆగి ఆగి నడిచే ఆటను మించిన గురువు లేదంటాను.

మొదటి పని, కంప్లైంటును కొలతగా మార్చడం. సెకనుకి 60 ఫ్రేములు వస్తున్నాయంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 16.7 మిల్లీసెకన్లు పడుతోందని అర్థం. కానీ 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్లకొకటి చొప్పున వచ్చి, మిగిలిన ఒక్కటీ 115 మిల్లీసెకన్లు మింగేసిందనుకోండి. మొత్తం లెక్క సరిగ్గా సెకనే. మూలన అంకె 60 అనే చూపిస్తుంది, మీ కంటికి మాత్రం తెర ఆగినట్టే ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 2011లో ది టెక్ రిపోర్ట్‌లో స్కాట్ వాసన్ ఈ సగటు గుట్టు విప్పాడు. గ్రాఫిక్స్ కార్డులను సెకను లెక్కన కాకుండా ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం లెక్కన తూచాలని వాదించాడు. ఇవాళ చాలా రివ్యూలు ‘వన్ పర్సెంట్ లో’ అంటూ, అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్కని సగటు పక్కన వేస్తున్నాయంటే దాని వెనక ఆ వాదన బలం ఉంది. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్, ప్రెజెంట్‌మాన్ లాంటి ఉచిత సాధనాలు ఆ సమయాన్ని గీతగా గీసి చూపిస్తాయి. గీతలో ముల్లులా పైకి లేచిన చోటే మీ జబ్బు.

‘నా సిస్టమ్ ఎప్పుడూ ఇంతే’ అనే మాట కూడా సగటు మాటే. దాన్ని వదిలేసి, ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఆగి, రెండోసారి అదే చోట సాఫీగా నడుస్తోందా? అయితే ఆట షేడర్లను, అంటే దృశ్యాన్ని గీసే చిన్న ప్రోగ్రాములను, అప్పటికప్పుడు తయారు చేసుకుంటోందన్నమాట. డ్రైవర్ అప్‌డేట్ చేసిన రోజున ఇది మళ్లీ మొదలవడం మామూలే, పాత నిల్వ చెల్లదు కాబట్టి. అరగంట ఆడాక మొదలవుతోందా? వేడిని అనుమానించండి. ప్రాసెసర్ కూలర్ కింద ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించిన వాళ్లున్నారు, నవ్వకండి. టెక్స్‌చర్లు అల్ట్రాలో పెట్టినప్పుడే ఆగుతోందా? కార్డులోని మెమరీ నిండిపోతోందేమో చూడండి. ఒక మెట్టు తగ్గిస్తే తేలిపోతుంది. ఇలా నాలుగు ముక్కలు రాసుకునేసరికి అనుమానితుల్లో సగంమంది బయటికి వెళ్లిపోతారు.

తర్వాత చిన్న పనులు. ఇక్కడ అడ్డొచ్చేది తెలియకపోవడం కాదు, అహం. ‘అది నాకు తెలీదా’ అనే ధీమా. మానిటర్ కేబుల్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చి, కొత్త కార్డును ఖాళీగా కూర్చోబెట్టినవాళ్లు ఉంటారు. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసినవాళ్లూ ఉంటారు. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కి, స్పీడు చూడండి. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ కొన్నా అక్కడ 2133 అనో 2400 అనో కనిపిస్తే కంగారు పడొద్దు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదు, అంతే. అది ఆన్ చేయనంతవరకూ ర్యామ్ తన మామూలు వేగంతోనే నడుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్ స్టిక్కులు పక్కపక్కన పెట్టారా? చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండూ నాలుగూ సరైన చోట్లు. మదర్‌బోర్డు మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చెబుతారు. ఆ పుస్తకం డబ్బాలోంచి బయటికి రాకపోవడమే సగం సమస్యలకు మూలం.

ఇక అందరూ చేసే పొరపాటు. కొత్త కోడలు అడుగుపెట్టిన ఇంట్లో పాలు విరిగినా ఆ పిల్ల మీదికే వస్తుంది. కంప్యూటర్‌లో కొత్త కార్డు పరిస్థితీ అంతే. నిజానికి చాలాసార్లు తప్పు కొత్తదానిదీ కాదు, పాతదానిదీ కాదు, జోడీది. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు సంగతి చూడండి. దానికి నాలుగే పీసీఐఈ లేన్లు (బోర్డుతో డేటా నడిచే దారులు), 4 జీబీ మెమరీ. పీసీఐఈ 4.0 ఉన్న కొత్త బోర్డులో ఎలాగో నెట్టుకొచ్చింది. 3.0 ఉన్న పాత బోర్డులో దారి సగానికి తగ్గిపోయి, మెమరీ నిండిన ఆటల్లో చతికిలపడింది. తక్కువ ధరకి అప్‌గ్రేడ్ చేద్దామని దాన్ని కొనేది పాత బోర్డులున్నవాళ్లే కదా! కార్డు పాడైందా అంటే లేదు. పాత ప్రాసెసర్ మీద కొత్త కార్డు పెట్టినా ఇలాంటి చిక్కే రావచ్చు. దానికి తేలిక పరీక్ష ఉంది. రిజల్యూషన్ బాగా తగ్గించి ఆడండి. ఆగడం అలాగే ఉంటే చాలావరకు కార్డు నిర్దోషి, చూపు ప్రాసెసర్, ర్యామ్‌ల వైపు తిప్పండి. ఆఫీసులో కొత్తగా వచ్చిన మనిషి మీద ఫిర్యాదు రాసేముందు కూడా ఈ ప్రశ్న వేసుకోవచ్చు: మనిషి సరిపోలేదా, మనం కూర్చోబెట్టిన చోటు సరిపోలేదా?

ఇప్పుడు అసలు నియమం. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చాక ఆటలో అదే చోట, అదే దారిలో, అంతే సేపు నడవండి. ఫలితం రాయండి. తేడా లేకపోతే వెనక్కి పెట్టేయండి. డబ్బు ఖర్చు కానివి ముందు, అయ్యేవి తర్వాత. వెనక్కి తీసుకోగలిగినవి ముందు, తీసుకోలేనివి చివర. పాత డ్రైవర్ అవశేషాలు డీడీయూ అనే సాధనంతో తుడిచి కొత్తది ఎక్కించడం మొదట్లో చేసే పని. బయోస్ అప్‌డేట్ ఆఖర్న చేసేది, అదీ కరెంటు నమ్మకంగా ఉన్న వేళ. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకున్నాకే. వినడానికి ఇది చాదస్తంలా ఉంటుంది. కానీ తొందరపడి ఒకేసారి ఐదు మార్చినవాడు వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తాడు, ఈసారి కోపంతో.

అన్నీ చేసినా లొంగకపోతే? తప్పు మీ చేతిలో లేకపోవచ్చు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో కొన్ని ఉన్నట్టుండి ఆగేవి. వాటి యజమానులు మార్చని విడిభాగం లేదు. చివరికి 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది. ఎఫ్‌టీపీఎం అనే భద్రతా భాగం మదర్‌బోర్డు మీది ఫ్లాష్ మెమరీతో మరీ ఎక్కువసేపు మాట్లాడటం వల్ల కంప్యూటర్ ఆగుతోందని చెప్పి, బయోస్ అప్‌డేట్లు ఇప్పించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ విడుదలైనప్పుడు ఖరీదైన పీసీల్లోనూ ఆట తడబడింది. కొన్నవాళ్ల తప్పేమీ లేదు, ప్యాచ్‌లు రావలసి వచ్చింది. ప్రయత్నించడం ఎంత ముఖ్యమో, ఇది నా పరిధిలోది కాదని గుర్తుపట్టి పక్కన పెట్టడమూ అంతే ముఖ్యం. మొదటి గుణాన్ని మన వ్యక్తిత్వ వికాస వక్తలు గొంతు చించుకుని చెబుతారు. రెండోదాని ఊసెత్తరు.

సాయం అడగడంలోనూ పద్ధతుంది. ‘అన్నా, ల్యాగ్ అవుతోంది, ఏం చేయాలి?’ అంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎంత అనుభవమున్న టెక్నీషియనైనా ‘తీసుకురండి చూద్దాం’ అని తప్ప ఏం చెప్పగలడు? ఇలా అడిగి చూడండి: ‘అన్నా, కార్డు ఒక్కటే మార్చాను. మిగతావి పాతవే. ఆట మొదలైన అరగంటకి ఆగడం మొదలవుతోంది. అప్పుడు ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. డ్రైవర్ తుడిచి మళ్లీ వేశాను, తేడా లేదు.’ జవాబు ఫోన్లోనే వచ్చేస్తుంది. ఎదుటివాడి సమయానికి విలువిచ్చినవాడికి ఎదుటివాడూ సమయమిస్తాడు.

ఒక హెచ్చరిక కూడా. ఆట బాగానే నడుస్తున్నా గీత మీద కళ్లు పెట్టి ముల్లు కోసం వెతికేవాళ్లు తయారయ్యారు. ఆట కన్నా కొలతే వాళ్లకి ఆటైపోయింది. కంటికి తెలియని లోపాన్ని వెంటాడటం మానేసి, మూలన ఆ అంకె కనిపించకుండా ఆఫ్ చేసి, హాయిగా ఆడుకోండి.

అన్నట్టు, ఇవన్నీ చేసేటప్పుడు కొత్త కార్డు డబ్బా, బిల్లు పారేయకండి. షాపువాళ్లిచ్చిన వాపసు గడువు ఎన్ని రోజులో ఇప్పుడే చూసుకుని, పరీక్షలన్నీ ఆలోపే ముగించండి.