బండి వదిలే ముందు

గూడూరు,
ఫిబ్రవరి 2026

చిరంజీవి చిన్నాకి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మమ్మ మోకాళ్ళు ఈ వారం కాస్త కుదుటపడ్డాయి. ఫోన్లో చెప్పొచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరమేమిటి అంటావేమో. ఫోన్లో నువ్వు "ఊఁ తాతయ్యా, సరే తాతయ్యా" అంటూనే ఉంటావు, ఇంతలో అవతల ఎవరో పిలుస్తారు, పెట్టేస్తావు. కాగితమైతే నీ జేబులో పడి ఉంటుంది.

ఆదివారం సాయంత్రం డ్యూటీ దిగాక టీ తాగుతూ నువ్వన్న మాట రైల్లో గూడూరు దాకా నా పక్కనే కూర్చుని వచ్చింది. "మెకానికల్ డిప్లొమా చదివి బటన్లు నొక్కుతున్నా తాతయ్యా. పైగా జనం చేత తిట్లు." అప్పుడే జవాబు చెప్పలేదు. ముప్ఫయ్యెనిమిదేళ్ళు రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో పనిచేసినవాణ్ణి. చూడకుండా, కొలవకుండా నోరు విప్పడం నాకు చేతకాదు. ఇప్పుడు చెబుతున్నా.

ముందు నువ్వు నన్ను ఎక్కించిన రైడ్ సంగతి. వండర్‌లా వినోదాల పార్కంటే మనింట్లో అందరికీ తెలిసింది హైదరాబాదుదే, రావిర్యాల దగ్గర 2016లో తెరిచారు. మీ అక్క కాలేజీ వాళ్ళతో వెళ్ళొచ్చి వారం రోజులు అదే కథ చెప్పింది. నువ్వు పనిచేసే చెన్నై పార్కు మొన్న డిసెంబరులోనే మొదలైందాయె. తిరుపోరూరు కందస్వామిని దర్శించుకుని, అటునుంచి అటే నిన్ను చూసి వద్దామని బయల్దేరానే గాని ఏదో ఎక్కుదామని కాదు. నువ్వే బీపీ ఉందా, గుండె జబ్బుందా, నడుం నొప్పి ఉందా అని డాక్టరులా అడిగి, చెప్పులు విప్పించి మరీ కూర్చోబెట్టావు. ఆ రోలర్ కోస్టరుకి "తంజోరా" అన్న పేరు చూసి తంజావూరు బొమ్మలా తల ఊగించి పంపుతారేమో అనుకున్నాను. తలతో ఆగలేదు.

నేను చూసిన బళ్ళన్నీ పట్టాల మీద నడిచినవే. ఇది పట్టా కింద వేలాడుతుంది! సీట్లో కూర్చోగానే కాలి కింద నేల పోయింది. అరవై నాలుగేళ్ళవాణ్ణి, పసిపిల్లాడిలా కాళ్ళు ఆడిస్తూ పైకి పోతున్నాను. పక్క సీటు కుర్రాడు "భయమేస్తోందా అంకుల్?" అన్నాడు. లేదన్నాను. అబద్ధం. గొలుసు పైదాకా లాగి వదిలేశాక ఆ బండికి ఇంజిన్ లేదు, డ్రైవరు లేడు. ఎక్కిన ఎత్తే దానికి బొగ్గు, అదే డీజిలు. అక్కణ్ణుంచి ఆకాశం ఎటో నేల ఎటో తెలియలేదు. ఎన్నిసార్లు తలకిందులయ్యానో లెక్కపెడదామనుకుని మూడో దగ్గరే తప్పాను. దిగాక కాళ్ళు వణికాయి గాని, నిజం చెప్పనా, మీ అమ్మమ్మ పక్కన లేదన్న ఒక్క లోటు తప్ప అంత సంతోషం రిటైరయ్యాక ఎన్నడూ కలగలేదు.

తర్వాత నువ్వు డ్యూటీలో పడ్డావు. నేను ఎదురుగా చెట్టు నీడన బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను. నువ్వు నన్ను మరిచిపోయావు గాని నేను నిన్నే చూస్తున్నాను. బండిని తలకిందులు చేసే ఆ చుట్టును గమనించావా ఎప్పుడైనా? అది గుండ్రంగా ఉండదు. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది, నీటిబొట్టులాగా. చూడగానే నాకు పట్టాలు వేసే మా పర్మనెంట్ వే వాళ్ళు గుర్తొచ్చారు. తిన్నని లైనును వాళ్ళు ఒక్కసారిగా వంపులోకి తిప్పరు, మధ్యలో ట్రాన్సిషన్ కర్వ్ వేసి మెల్లగా తిప్పుతారు. లేకపోతే బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. న్యూయార్కు పక్కన కోనీ ఐలాండులో 1895లో చుట్టును అచ్చంగా గుండ్రంగా కట్టి చూశారు. దాన్ని ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేశాయి. వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు లెక్కలతో 1976లో కాలిఫోర్నియాలో నీటిబొట్టు చుట్టు వచ్చాకే ఈ తలకిందుల వ్యవహారం మనుషులు భరించేటట్టు అయింది. రైలు వంపుకీ మీ చుట్టుకీ లెక్క ఒక్కటే.

ఆ మాటకొస్తే మీ బండి పుట్టిల్లే రైలు. పెన్సిల్వేనియాలో మాచ్ చంక్ అనే ఊళ్ళో బొగ్గు గనుల రైలొకటి ఉండేది. బొగ్గు బళ్ళు కొండ మీంచి వాటి బరువుతోనే కిందికి జారేవి. జనం డబ్బులిచ్చి సరదాకి కూడా ఎక్కడం మొదలెట్టారు. దాన్ని చూసే థాంప్సన్ అనే ఆయన 1884లో కోనీ ఐలాండులో తన బండి పెట్టాడు. టిక్కెట్టు అయిదు సెంట్లు. వేగం గంటకు పది కిలోమీటర్లు, అంటే మా యార్డులో షంటింగు చేసే ఇంజిను పాటి! నీ తంజోరా తయారుచేసిన స్విట్జర్లాండు కంపెనీ బొలిగర్ అండ్ మబిలార్డ్ కింద వేలాడే బండిని తొలిసారి 1992లో అమెరికాలో షికాగో దగ్గరి పార్కులో తిప్పింది. ఇదంతా ఎందుకు తిరగేశానంటే, నువ్వు చేసేది బటన్ల పనో కాదో తేల్చుకుందామని. తేలింది. మనిద్దరిదీ ఒకే డిపార్టుమెంటు.

ఎలాగంటావా? మా రోజుల్లో సింగిల్ లైను మీద నీల్స్ బాల్ టోకెన్ అని ఉండేది. ఈ స్టేషనులో ఒక పెట్టె, అవతలి స్టేషనులో ఒక పెట్టె. అవతలివాడు సరేనంటేనే ఇవతల పెట్టెలోంచి ఇనుప బంతి బయటికి వస్తుంది. ఆ బంతి చేతికందందే డ్రైవరు కదలడు. బంతి అవతలి పెట్టెలో పడేదాకా రెండో బంతి రాదు. అంటే ఆ సెక్షనులో ఒక్కటే బండి. మీ పట్టానూ బ్లాకులుగా కోశారనీ, ముందు బ్లాకు ఖాళీ అయితే గాని వెనకబండిని కంప్యూటరు వదలదనీ నువ్వు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. నువ్వొక్కడివే నొక్కితే బండి కదలదనీ, అవతల నిలబడ్డ నీ జతగాడు కూడా సీట్లు చూసుకుని నొక్కాలనీ అన్నప్పుడైతే లేచి నీ భుజం తట్టాలనిపించింది. అది బంతి కాక మరేమిటి?

బ్రేకుల సంగతీ అంతే. రైలు గొట్టంలో గాలి పోతే బ్రేకు పడుతుంది, విడదు. సిగ్నలు తీగ తెగితే ఎరుపులోకే పోవాలి. మీ బ్రేకులూ గాలి పోతే బిగుసుకునేటట్టే చేశారన్నావు. కట్టినవాడు ఇనుముకు అంత బుద్ధి పెట్టాడు. పెట్టలేనిది ఒక్కచోటే, నీ చేతి దగ్గర. భుజాల మీద కడ్డీ పడ్డాక నువ్వు దాన్ని పట్టి లాగి చూస్తావే, ఆ లాగడం. నూరో బండికి కూడా ఆ చెయ్యి లాగుతుందా, ఊరికే తాకి పోతుందా అన్నది ఏ కంప్యూటరుకీ తెలియదు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నాకు ఇరవై ఆరేళ్ళు. మెయింటెయినరుగా కొత్త. రోహిణీ కార్తె ఎండ. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పాయింట్ల దగ్గర మాకొక పరీక్ష ఉంటుంది. పట్టాకీ దాన్ని ఆనుకునే టంగ్ రైలుకీ మధ్య అయిదు మిల్లీమీటర్ల ఇనుప ముక్క పెట్టి మోటారు తిప్పాలి. పాయింటు లాక్ కాకూడదు, సిగ్నలు రాకూడదు. అయిదు మిల్లీమీటర్లంటే ఎంత, నీ చిటికెన వేలి సగం మందం. యార్డు అవతలి కొస పాయింటు దాకా ఆ ఎండలో ఎవడు నడుస్తాడులే, పోయిన వారం బాగానే ఉందిగా అనుకుని రిజిస్టర్లో "పరీక్షించితిని, సరిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు మా మేస్త్రి వచ్చాడు. ఏమీ అడగలేదు. నా సంచిలోంచి ఆ ముక్క తీసుకుని అవతలి కొసకు నడిచాడు, వెనక నేను. ముక్క పెట్టాడు, మోటారు తిప్పించాడు. లాక్ పడింది. ఆ టక్కుమన్న చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. ఆయన కేకలెయ్యలేదు. రెండు గంటలు కూర్చుని ఇద్దరం సరిచేశాక, రిజిస్టర్లో నా సంతకం మీద వేలు పెట్టి "కొట్టెయ్" అన్నాడు, అంతే. ముందు రోజు రాత్రి పాసింజరు ఆ పాయింటు మీదుగానే పోయింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను ఇన్నేళ్ళుగా భయపెడుతోంది. ఏదైనా అయ్యుంటే పట్టుబడేవాణ్ణి, బుద్ధి వచ్చేది. మేస్త్రి రాకపోయుంటే మర్నాడూ అలాగే సంతకం పెట్టేవాణ్ణి.

కాబట్టి నీకు చెప్పేది చిన్నా, విసుగు నిన్ను చేరేది ఆ దారినే. భయం తీరిపోయిన రోజున వస్తుంది. చూడని సీటుకి అంతా సరే అని బొటనవేలెత్తకు. పక్కవాడు చూశాడనుకుని ఎత్తకు. అనుమానం వస్తే ఆపెయ్. మళ్ళీ కడ్డీలు విప్పి మళ్ళీ వెయ్. క్యూలో వాళ్ళు ఈలలేస్తారు, వెయ్యనీ.

ఇక తిట్ల సంగతి. ఆదివారం ఎత్తు చాలక నువ్వు వెనక్కి పంపిన పిల్లాడి తండ్రి మనవైపు మనిషే, మాట నెల్లూరు యాస. "వేలెడు తక్కువకే ఏమైపోద్దిరా, నీ జీతమెంత, నువ్వు నాకు చెప్పేదేంది?" అని అరిచాడు. నువ్వు గేటు మీద చెయ్యి తియ్యలేదు, గొంతు పెంచలేదు. వాడికి వేలెడే కనిపించింది. ఆ కడ్డీ పట్టేది భుజాలనీ ఛాతీనీ. ఒళ్ళు దానికి సరిపోకపోతే తలకిందులైనప్పుడు పట్టు ఉండదు. గోడ మీద ఆ ఎత్తు గీత గీసింది అందుకు. నా అయిదు మిల్లీమీటర్ల ముక్కా, నీ గోడ మీది గీతా ఒకటే. ఆ తండ్రి రాత్రి ఇంటికెళ్ళి పిల్లాణ్ణి పక్కలో వేసుకుని పడుకునే ఉంటాడు. నీకు థాంక్స్ చెప్పడు, చెప్పాలని వాడికి తట్టను కూడా తట్టదు. మా డిపార్టుమెంటులో ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఏ ప్రయాణికుడూ నాకు చెప్పలేదు.

అయితే ఆ తర్వాత నీ ముఖం ముడుచుకుంది, బెంచీ మీంచి కనిపించింది. కోపం వస్తుంది, రాకూడదనను. వచ్చినప్పుడు పది నిమిషాలు జతగాడికి అప్పగించి పక్కకెళ్ళి నీళ్ళు తాగు. అడగడానికి సిగ్గుపడకు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. నడివయసు మనిషి ఒకావిడ సీటు దాకా వచ్చి, పైకి చూసి, "నావల్ల కాదు" అని ఆగిపోయింది. ఆమె పిల్లలే నవ్వారు. నువ్వు నవ్వకుండా "ఇటు రండమ్మా" అని అవతలి గేటు తీశావు. అది ఎవరు నేర్పారోగాని వదలకు. దణ్ణం పెట్టాలనిపించింది.

ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకొమ్మని మీ అమ్మ పోరుతోందని తెలుసు. అమ్మతో నేను మాట్లాడతాను. వచ్చే దసరా దాకా ఉండు. ఈ లోగా పొద్దున్నే ఖాళీ బండి తిప్పి చూసే మెయింటెనెన్స్ వాళ్ళతో స్నేహం చెయ్యి, డ్యూటీ లేని పూట అడిగి వెళ్ళి చూడు. ఒక్కో బోగీకి మూడు రకాల చక్రాలుంటాయే, పైన పరిగెత్తేవి, పక్కన ఆనుకునేవి, పట్టా అవతలివైపు నుంచి పట్టుకుని బండిని ఊడిపోనివ్వనివి. వాటి అరుగుదల ఎలా కొలుస్తారో, ఇనుములో కంటికి కనబడని పగులును ఎలా పట్టుకుంటారో నేర్చుకో. నీ డిప్లొమా దుమ్ము దులపాల్సింది అక్కడ. దసరాకి కూడా నీకిది బటన్ల పనే అనిపిస్తే మానెయ్, నేనే వచ్చి సామాను సర్దుతాను.

తమిళం చదవడం నేర్చుకో. మాట్లాడితే చాలదు. నెల జీతంలో మొదటి ఖర్చు మంచి బూట్లు. ఎనిమిది గంటలు నిలబడే పని, ఎండాకాలం ముందుంది.

ఊరి నుంచి మన గోపాలం తమ్ముడి లారీ గురువారం నిమ్మకాయల లోడుతో కోయంబేడు వస్తోంది. అందులో రెండు నిమ్మకాయ ఊరగాయ జాడీలు పంపుతున్నాను. పెద్దది నీకు. చిన్నది అవతల బటన్ నొక్కే నీ జతగాడికి.

ఇట్లు,
మీ తాతయ్య