అమెరికాలో అమ్మాయి ‘బానే ఉన్నా’ అన్నప్పుడు

అమ్మాయి అమెరికాలో ఉందంటే ఫోన్‌లో మనం అడిగేవి నాలుగే ప్రశ్నలు. తిన్నావా, చలిగా ఉందా, వీసా సంగతి ఏమైంది, సంబంధాలు చూడమంటావా. వాటికి జవాబులూ సిద్ధంగానే ఉంటాయి. ‘‘బానే ఉన్నానమ్మా’’ అని పెట్టేస్తుంది. ఎప్పుడో ఒకనాడు మాత్రం గొంతు కాస్త మారుతుంది. ‘‘ఇవాళ మీటింగ్‌లో నేను చెప్తే ఒక్కరూ తలెత్తలేదు. అదే మాట పక్కతను చెప్తే అందరూ మెచ్చుకున్నారు నాన్నా’’ అంటుంది. లేదా, ‘‘నా పేరు నోరు తిరగట్లేదని వాళ్ళే ఏదో ముక్క పేరు పెట్టేశారు’’ అంటుంది. ఇలాంటివి ఇంకెప్పుడైనా మీతో చెబుతుందా లేదా అన్నది, అప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట మీద ఆధారపడి ఉంటుంది.

మనకు అలవాటైన మాటలు కొన్ని ఉన్నాయి. ‘‘పోనీలే తల్లీ, పట్టించుకోకు.’’ ‘‘పరాయి దేశం, సర్దుకుపోవాలి.’’ ‘‘వాళ్ళు ఆ ఉద్దేశంతో అని ఉండరులే.’’ ప్రేమతోనే అంటాం. కానీ ఆమె రోజంతా ఆ అనుమానంతోనే కుస్తీ పట్టి ఇంటికొచ్చింది. నిజంగా అలా అన్నారా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా అని. మన మాటతో ఆ అనుమానానికి ఇంకో గొంతు తోడవుతుంది, అంతే. అందుకని ముందు నమ్మండి. ‘‘ఏమన్నారు? నువ్వేం చేశావ్? చెప్పమ్మా, వింటున్నా’’ అనండి. పొయ్యి మీద దోసె మాడితే మాడనివ్వండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. ఇక్కణ్ణుంచి మీరు తీర్చగలిగేది ఏమీ లేకపోవచ్చు. ఆ ఫోన్ చేసింది తీర్చమని కాదు.

ఇది సున్నితత్వం ఎక్కువైన పిల్లల గోల కాదు. చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి మానసిక వైద్యుడు 1970లోనే ఈ చిన్న చిన్న అవమానాల గురించి రాశారు. విడివిడిగా చూస్తే దేన్నీ లెక్కపెట్టబుద్ధి కాదు, రోజూ పడుతుంటే మనిషి నలిగిపోతాడు. నల్లజాతి తల్లుల ఆరోగ్యాన్ని పరిశీలించిన ఆర్లీన్ జెరోనిమస్ 1992లో ఇంకో మాట చెప్పారు. ఏళ్ళ తరబడి వివక్షను తట్టుకుంటూ బతికే ఆడవాళ్ళ శరీరం వయసుకు ముందే అరిగిపోతుందని. వాళ్ళు పడిందీ మన పిల్లలు పడేదీ ఒకటేనని అనడం న్యాయం కాదు. కానీ నిద్రపట్టకపోవడం, ఆదివారం సాయంత్రానికే కడుపులో దడ, నెలసరి తప్పడం లాంటివి చెప్పినప్పుడు ‘సరిగ్గా తినట్లేదు’ అని తేల్చేయకండి. డాక్టరుకు చూపించుకోమంటూనే, ఆఫీసులో ఏం జరుగుతోందని కూడా అడగండి.

‘‘అయితే మానేసి వచ్చెయ్’’ అని తొందరపడి అనకండి. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. చాలామంది పిల్లలు నోరు మెదపనిది అందుకే. అలాగని చేతులు కట్టుకు కూర్చోవాల్సిన పనీ లేదు. జరిగినదాన్ని ఆ రాత్రే రాసి పెట్టుకోమనండి: తేదీ, ఎవరు, అన్న మాట అన్నట్టుగా, ఎదుట ఎవరున్నారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు, సొంత నోటుబుక్కులో. అక్కడి 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం, పుట్టిన దేశం పేరిట వివక్షను నిషేధించింది. సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో 300. లాయరు లేకుండానే ఇవ్వొచ్చు. ఇస్తుందా లేదా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. మీరు బలవంతపెట్టొద్దు, భయపెట్టొద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది పిల్లల్ని విమానం ఎక్కిస్తూ ‘‘నల్లవాళ్ళతో జాగ్రత్త’’ అని చెప్పి పంపిస్తాం. మన పిల్లకు ఈ రోజు అండగా నిలిచే చట్టం ఆ నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి సాధించుకున్నది. మనవాళ్ళకు తలుపులు తెరిచిన 1965 వలస చట్టం కూడా ఆ పౌరహక్కుల ఉద్యమ కాలంలో వచ్చిందే. ఆఫీసులో మన అమ్మాయి బాధ చెప్పకుండానే అర్థమయ్యేది బహుశా ఓ నల్లజాతి సహోద్యోగికే. మన మాట ఆ స్నేహానికి అడ్డం పడకూడదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి అనే మన తెలుగు కుటుంబపు అమ్మాయి మిస్ అమెరికా అయింది. ఆ రాత్రే ట్విట్టర్‌లో ఆమెను ఉగ్రవాది అని, అరబ్బు అని తిట్టిపోశారు. మనం మండిపడ్డాం. అదే వారంలో మన దేశంలో నడిచిన చర్చ ఏమిటి? ఇంత చామనఛాయ పిల్ల ఇక్కడి పోటీల్లో గెలిచేదా అని. అక్కడ పరాయిదన్నారు, ఇక్కడ నల్లపిల్ల అన్నారు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది కానీ, మన పెళ్ళి బయోడేటాల్లో ‘తెల్లగా ఉంటుంది’ అన్న మాట చెక్కు చెదరలేదు. ‘‘ఎండలో తిరక్కు, ఇంకా నల్లబడతావ్’’ అని పదేళ్ళప్పటి నుంచి విన్న పిల్ల, ఒంటి రంగు గురించి ఎవరో ఏదో అన్నారని ఏ ముఖంతో మీకు చెప్పుకుంటుంది? వీడియో కాల్‌లో ‘‘ఏంటే, ఇలా కమిలిపోయావ్’’ అనడం ఈ వారం నుంచే మానేయండి. అత్తయ్యలూ పిన్నులూ అన్నా ఆమె ముందే ఆపండి. ఇంటర్ చదివే చెల్లెలు ఉంటే అదీ వింటోంది.

విశ్రాంతి అనగానే మనకు కాస్త చిరాకు. మేం పడలేదా కష్టాలు అంటాం. పడ్డాం, నిజమే. నల్లజాతి కవయిత్రి ఆడ్రి లార్డ్ తన ఆరోగ్యాన్ని తాను చూసుకోవడం గురించి 1988లో రాసింది క్యాన్సర్‌తో బతుకుతూ. అది విలాసాల ఊసు కాదు, ప్రాణం నిలుపుకోవడం గురించి. మన అమ్మాయి విషయంలో అది శనివారం పదింటిదాకా పడుకోవడం కావచ్చు, తెలుగు సంఘం ఉగాది సంబరాలకు వెళ్ళకపోవడం కావచ్చు. అక్కడి మనవాళ్ళలోనే కులం ఆరా తీసేవాళ్ళు ఉన్నారు మరి. 2023లో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది ఊరికే కాదు. వెళ్ళనంటే ‘‘నలుగురిలో కలవాలి’’ అని పోరకండి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నానంటే ‘‘పిచ్చా ఏమన్నా’’ అనకండి. ‘‘మంచి పని చేశావ్, ఎలా అనిపించింది’’ అనండి. చదువుకునే పిల్లలకు చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ ఉంటుంది. బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఆలస్యం వద్దు. అమెరికాలో 988కి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా రాత్రీ పగలూ మనిషి పలుకుతారు. రూమ్మేట్ నంబరు, దగ్గర్లో ఉండే ఒక స్నేహితురాలి నంబరు మీ దగ్గర ముందే రాసి పెట్టుకోండి.

ఆమె చెప్పింది విన్నాక మీకు నిద్ర పట్టదు. ఆ దిగులు తిరిగి ఆమె మీదే పోయకండి. గంటగంటకూ మెసేజ్‌లు పెడితే, మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకోండి. అది చాలకపోతే మన ప్రభుత్వం నడిపే టెలీ-మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.