సముద్రం మీద చమురు తెట్టు

ఒక వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, చెంచాడు వంటనూనె వేయండి. ఇప్పుడు ఆ నూనెనంతా మళ్లీ చెంచాలోకి తీయండి!

నేను దూదితో, పాతగుడ్డతో, కొబ్బరిపీచుతో ప్రయత్నించాను. ఎంత తీసినా పళ్లెం అంచున జిడ్డు మిగిలింది. సబ్బునీళ్లు వేసి బాగా కలిపితే నూనె మాయమైనట్టే కనిపించింది. నిజానికి అది సన్నని బొట్లుగా విడిపోయి నీళ్లలోనే ఉంది. సముద్రంలో చమురు తెట్టు మీద చల్లే రసాయనాలు చేసే పనీ దాదాపు ఇదే.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాయి. ఓడ ఇంజనుకు వాడే చిక్కటి ఇంధనం సముద్రంలో ఒలికింది. ఇలాంటి నూనెలో తేలికైన భాగం ఆవిరైపోతుంది. మిగిలింది అలల తాకిడికి నీటిని కలుపుకొని, అసలుకు రెండు మూడింతలు ఉబ్బి, జిగురుముద్ద అవుతుంది. అది తీరం వెంబడి దక్షిణంగా కొట్టుకొచ్చి ఎర్ణావూరు బండరాళ్ల సందుల్లో పేరుకుంది. పీల్చే యంత్రాలకు సరిగా లొంగలేదు. చివరికి తీరరక్షక దళం వారు, జాలరులు, విద్యార్థులు బకెట్లతో తోడి పోశారు. ఇంత పెద్ద సముద్రానికి బకెట్లా అనిపిస్తుంది కదూ! తాబేళ్లు చనిపోయి ఒడ్డుకు వచ్చాయి. చేపలు కొనడానికి జనం భయపడ్డారు.

తెట్టు ఎటు పోతుందో ముందే తెలిస్తే కొంత మేలు. ఆ అంచనా చెప్పే సంస్థ సముద్రమే లేని హైదరాబాదులో ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. చమురు ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఏ రకం ఒలికిందో చెబితే అది సాగే దారిని కంప్యూటరు లెక్క కడుతుంది. మనకూ ఒక సులువైన లెక్క ఉంది. ప్రవాహం తెట్టును తనతో పాటే మోసుకుపోతుంది. గాలి మాత్రం తన వేగంలో సుమారు 3 శాతంతోనే నెడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే తెట్టు గంటకు 600 మీటర్లు కదులుతుందన్నమాట. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి ఇప్పుడు మీరు ఏ తీరాన ఉన్నా, అక్కడి గాలి, అలల వివరాలు ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో చూసి ఇలా లెక్క వేయవచ్చు.

ఒకటి ప్రయత్నించండి. ఒడ్డుకు 9 కిలోమీటర్ల దూరంలో చమురు ఒలికింది. గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నేరుగా ఒడ్డువైపు వీస్తోంది. ప్రవాహం లేదనుకుందాం. ఒడ్డున వలలు వేసిన జాలరులకు వాటిని తీసుకోవడానికి ఎన్ని గంటలున్నాయి?