తొలి విదేశయాత్ర : మలేషియాకుఁ బోవువారు తెలిసికొనవలసినవి

మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారికి తూర్పుసముద్రము క్రొత్తది కాదు. కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి పూర్వము పొగయోడలు రంగూనునకుఁ బోవుచుండెడివి. మేస్త్రీ ముందుగా నిచ్చిన సొమ్మునకుఁ గట్టుపడి, మనవారు వేలకొలఁది యచ్చటి రేవులలోను, బియ్యపుమరలలోను కూలిపని చేసిరి. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేయఁగా ననేకులు కొండలు, నడవులు దాఁటి కాలినడకను మరలిరి. త్రోవలో మరణించినవారు పెక్కండ్రు. మలయాదేశపుఁ దోటలకును మనవారు పోయిరి. పేరాక్ రాష్ట్రమందలి బాగాన్ దాతో ప్రాంతమున వారి సంతతివారు నేఁటికిని గలరు. 1981లో రెండవ ప్రపంచ తెలుఁగు మహాసభలు కౌలాలంపూరునందే జరిగినవి. కావున తొలిసారి విదేశము చూడఁగోరు కుటుంబమునకు మలేషియా తగిన దేశము.

మొదటిది పాస్‌పోర్టు. దీనికి విశాఖపట్టణమున ప్రాంతీయ కార్యాలయము కలదు. పేరును, పుట్టిన తేదియు పాఠశాల పత్రములలో నున్నట్లే యుండవలెను. ప్రయాణదినమునకు ఆఱు నెలలకుఁ దక్కువ గాని గడువు మిగిలియుండవలెను. 2023 డిసెంబరు 1వ తేదినుండి భారతీయ యాత్రికులు వీసా లేకయే 30 దినములు నిలుచుటకు మలేషియా ప్రభుత్వ మనుమతించినది. ఇట్టి సదుపాయములు గడువు గలవి గాన, టిక్కెట్టు కొనుటకు ముందే యాప్రభుత్వ ప్రకటనను చూచుకొనవలెను. తిరుగు టిక్కెట్టు, బసచీటి, చాలినంత సొమ్ము దగ్గఱ నుండవలెను.

రెండవది కాలము. నవంబరునుండి ఫిబ్రవరివఱకు నాదేశపుఁ దూర్పుతీరమున వర్షములు మెండు. పడమటితీరమందలి పెనాంగునకు నాకాలమున నంత బాధ లేదు. అచ్చటి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. నాణెము రింగిట్టు. బటూ గుహలయందలి సుబ్రహ్మణ్యస్వామి దర్శనమునకు 272 మెట్లెక్కవలెను గాన వృద్ధులు ప్రొద్దుటనే పోవుట మేలు. మలయుభాషలో భూమిని ‘బూమి’ యనియు, భాషను ‘బహాస’ యనియు, ఉపాధ్యాయుని ‘గురు’ వనియు నందురు. ఇవి విని పిల్లలు సంతసింతురు.

మూఁడవది, యన్నిటికంటె ముఖ్యమైనది, జాగ్రత్త. యాత్రికుఁడుగాఁ బోయినవాఁడు పనిచేయరాదు. “ముందు యాత్రకని పొమ్ము, పని తరువాత నిప్పింతును” అని చెప్పువాని మాట నమ్మరాదు. ఉద్యోగముల నాశచూపి కొందఱు మధ్యవర్తులు విశాఖపట్టణ ప్రాంతపు యువకులను కంబోడియాకుఁ బంపి, యచ్చటివారిచే నిర్బంధముగా మోసపుఁబనులు చేయించిన సంగతి 2024లో బయలుపడినది. విదేశములకుఁ బనివారిని బంపువారు 1983 నాఁటి వలసచట్టము ననుసరించి నమోదైయుండవలెను. పదవ తరగతి గట్టెక్కనివారు మలేషియా మొదలగు కొన్ని దేశములకుఁ బనికిఁ బోవునపుడు సాధారణముగా ప్రభుత్వముయొక్క ప్రత్యేకానుమతి పొందవలెను. పదవ తరగతి పత్రము విలువ యెట్టిదో విద్యార్థులు దీనివలనఁ దెలిసికొనఁగలరు. ఇతరు లిచ్చిన మూటను లోపలఁ జూడక కొనిపోరాదు. మాదకద్రవ్యముల విషయమున నచ్చటి శిక్షలు మిక్కిలి కఠినములు.

విద్యార్థులారా, రంగూను పోయిన మన తాతలలోఁ బలువురకు చదువు లేదు. మేస్త్రీ మాటయే వారికి శాసనము. మీకట్టి యవస్థ లేదు. ఇంట నెవ్వరైనఁ బ్రయాణమునకు సిద్ధపడినచో, ప్రతి పత్రమును మీరే చదివి, తల్లిదండ్రులకు అర్థము చెప్పి, యటుపిమ్మటనే వారిచే సంతకము చేయింపుఁడు. మీ చదువువలన నింటికిఁ గలుగు తొలి లాభ మిదియే.